పెద్దబాబుకు ఆటిజం ఉంది, ఐదు నెలల పాపకు బ్రెయిన్ మ్యాపింగ్ చేయించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాబుకు నాలుగేళ్ళు. నిరుడు ఆటిజం అని చెప్పారు, ఇంకా నాలుగైదు మాటలకు మించి రాలేదు. పాపకు ఐదో నెల నడుస్తోంది. పసిపిల్లలకు మాటలు వినిపిస్తూ మెదడు తరంగాలు చూస్తే ఆటిజం ముందే తెలిసిపోతుందని ఎక్కడో చదివారు. ఈలోగా ఒక సెంటర్‌వాళ్ళు బేబీ బ్రెయిన్ మ్యాపింగ్ ప్యాకేజీ ఉందన్నారు. చేయించాలా వద్దా? తొమ్మిదో నెల టీకా వేయించడానికి భయంగా ఉందని, ఇంట్లో ఏ భాష మాట్లాడాలో తెలియడం లేదని కూడా రాశారు.

బ్రెయిన్ మ్యాపింగ్ చేయించకండి. ఆ డబ్బు బాబు స్పీచ్ థెరపీకి పెట్టుకోండి. పాపకు వినికిడి పరీక్ష ఇప్పటిదాకా కాకపోతే అది చేయించండి. టీకా టైముకు వేయించండి. ఇంట్లో తెలుగు మాట్లాడండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఆడియాలజీ, స్పీచ్ పాథాలజీ (వినికిడి, మాట సమస్యల చదువు) చదివి, కొంతకాలం పసిపిల్లల ఈఈజీ ల్యాబ్‌లో, అంటే మెదడు తరంగాలు నమోదు చేసే చోట, పనిచేసి, తర్వాత క్లినిక్‌కు వచ్చాను. కాబట్టి మీరు చదివింది అబద్ధం అని కొట్టిపారేయడం లేదు. పరిశోధనలు నిజమే. వాటిని చూపించి మీకు అమ్మజూపుతున్న పరీక్షే తేడా.

ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని లెక్క సంగతి చూద్దాం. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లలను నెలల వయసు నుంచి మూడేళ్ళు నిండేదాకా గమనించే బృందాలు అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి దేశాల్లో ఉన్నాయి. వాళ్ళు తమ వివరాలన్నీ కలిపి 2011లో 664 మంది పిల్లల ఫలితాలు ప్రకటించారు. అందులో 18.7 శాతం మందికి మూడేళ్ళకు ఆటిజం ఉన్నట్టు తేలింది. 2024లో 1,605 మందితో మళ్ళీ లెక్క కడితే 20.2 శాతం వచ్చింది, అంటే ఐదుగురిలో ఒకరు. మగపిల్లల్లో ఇది సుమారు 25 శాతం, ఆడపిల్లల్లో 13. మామూలుగా పిల్లల్లో ఎంతమందికి అంటే, హైదరాబాద్‌తో సహా మన దేశంలో ఐదు చోట్ల జరిగిన సర్వే 2018లో వచ్చింది, అందులో దాదాపు నూటికి ఒకరు. కాబట్టి మీ పాపకు అవకాశం మామూలుకన్నా ఎక్కువే, దాన్ని దాచడంలో అర్థం లేదు. కానీ ఇలాంటి ఆడపిల్లలు నూరుమంది ఉంటే అందులో ఎనభై ఆరు, ఎనభై ఏడు మందికి ఆటిజం ఉండదు. ఈ రెండో అంకె కూడా గుర్తుంచుకోండి.

ఇక పరిశోధకులు మెదడు దగ్గరికెందుకు వెళ్ళారంటే, ఐదారు నెలల వయసులో పైకి కనిపించేది చాలా తక్కువ. కాలిఫోర్నియాలో శాలీ ఓజొనాఫ్ బృందం 2010లో చూపించిన విషయం ఇదే. తర్వాత ఆటిజం తేలిన పిల్లలు కూడా ఆరో నెలలో మొహం చూసి నవ్వడంలో, శబ్దాలు చేయడంలో మిగతా పిల్లల్లాగే ఉన్నారు. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య నుంచి అవి మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి. పాప మీ వంక చూసి బోసినవ్వు నవ్వుతోందని మీరు నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఉంది, అలాగని భయపడడానికీ ఆధారం లేదు. పైకి కనిపించని తేడా లోపల ముందే ఉంటుందా అని వెతికితే, మొదట తట్టేది మాటే. మనిషి గొంతుకు మెదడు పుట్టినప్పటి నుంచే ప్రత్యేకంగా స్పందిస్తుంది. మూడు నెలల పిల్లలకు మాటలు వినిపిస్తే ఎడమవైపు మెదడు ఎక్కువగా పనిచేస్తుందని ఫ్రాన్స్‌లో గిలేన్ డెహేన్-లాంబర్ట్జ్ 2002లోనే చూపించారు.

ఆ ప్రయోగం ఎలా ఉంటుందో తెలిస్తే సెంటర్‌వాళ్ళ మాటలో ఎంత పస ఉందో మీకే అర్థమవుతుంది. పాపను అమ్మ ఒళ్ళో కూర్చోబెడతారు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాస్త బేబీ షాంపూ కలిపి, చిన్న చిన్న స్పాంజీ ముక్కలున్న వలటోపీని అందులో ముంచి తలకు తొడుగుతారు. ఒక్కో స్పాంజీలో ఒక్కో ఎలక్ట్రోడ్ ఉంటుంది. గుచ్చేది లేదు, కరెంటు పెట్టేది లేదు, మెదడు నుంచి వచ్చే అతి చిన్న సంకేతాన్ని చదవడమే. స్పీకర్‌లో ‘ద, ద, ద, ద’ అని ఒకే శబ్దం వస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి మధ్యలో ఒక వేరే శబ్దం వస్తుంది. ఎదురుగా ఒకరు కూర్చుని సబ్బు బుడగలు ఊదుతూ పాపను కదలకుండా చూస్తుంటారు. పాప టోపీ లాగితే ఆ కాసేపటి రికార్డింగ్ పోయింది. పాలపీక చప్పరిస్తే పోయింది, ఏడుపు మొదలుపెడితే ఆ రోజుకు అంతే. ఒక్క శబ్దానికి మెదడు ఇచ్చే స్పందన జాతరలో దూరం నుంచి పిలిచిన మనిషి గొంతులాంటిది, చుట్టూ ఉన్న హోరులో కలిసిపోతుంది. అదే శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ, వందలసార్లు వినిపించి సగటు తీస్తేనే ఒక గీత బయటికి కనిపిస్తుంది. అలా వచ్చిన ఒక్కొక్క పాప గీతను మళ్ళీ ఇరవై ముప్పై మంది గీతలతో కలిపి ఇంకో సగటు తీస్తారు. పత్రికల్లో మీరు చూసిన బొమ్మ ఈ రెండో సగటుది. ఏ ఒక్క పాపదీ కాదు.

అలా చూసినవాళ్ళకు ఏం కనిపించింది? నాకు ముఖ్యమనిపించినవే చెప్తాను.

బోస్టన్‌లో హెలెన్ టాగర్-ఫ్లుస్‌బెర్గ్, చార్లెస్ నెల్సన్ బృందం 2013లో ప్రకటించిన పని నాకు బాగా ఇష్టం. ఆరు, తొమ్మిది, పన్నెండు నెలల పిల్లలకు ఇంగ్లీషులో ఉన్న శబ్దాలనూ లేని శబ్దాలనూ వినిపించారు. ఇంట్లో ఆటిజం లేని పిల్లల్లో మాట శబ్దానికి మెదడు రెండు వైపులా ఒకేలా స్పందించలేదు, పనిని ఒక పక్కకు సర్దుకుంటున్న ఆనవాలు కనిపించింది. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల గుంపులో ఆ సర్దుబాటు కనిపించలేదు. ఇంతవరకే చదివితే గుండె జారిపోతుంది. కానీ అదే పనిలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ షేర్ చేయరు. తమ భాష శబ్దాలకు చెవి పదునెక్కి, పరాయి భాష శబ్దాల తేడా మెల్లగా వదిలేసే ప్రక్రియ రెండు గుంపుల్లోనూ ఒకేలా సాగింది.

ఈ ప్రక్రియ ఏమిటో తెలుగువాళ్ళకు చెప్పడం సులువు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలకు హిందీలోని ‘ట’, ‘త’ వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టేశారు, ఏడాదికి దగ్గరపడ్డ పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. మన ఇంట్లో ‘తాత’కూ ‘టాటా’కూ ఉన్న తేడా అదే కాబట్టి మన పిల్లలు దాన్ని నిలబెట్టుకుంటారు. మీ పాప ఇప్పుడు ఆ వయసుకు దగ్గరపడుతోంది. ఎదురుగా ఎవరో మాట్లాడుతుంటే ఊరికే చూస్తున్నట్టు ఉంటుంది కానీ లోపల తెలుగును జల్లెడ పట్టుకుంటోంది.

లండన్‌లో 2013లో వచ్చిన ఇంకో పరిశోధనలో నాలుగు నుంచి ఆరు నెలల పిల్లల తలకు మెత్తటి పట్టీ కట్టి, దానిలోంచి హాని లేని కాంతి పంపి రక్తప్రసరణ చూశారు. ఆటిజం ఉన్న ఇంటి పిల్లల గుంపులో మనిషి గొంతుకు స్పందన తక్కువగా కనిపించింది. లండన్ బృందాలే ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లలకు ఒకే శబ్దాన్ని పదే పదే వినిపించి చూశాయి. మామూలుగా మెదడు కాసేపటికి విసుగొచ్చి స్పందన తగ్గించుకుంటుంది. ఆటిజం ఉన్న ఇంటి పిల్లల గుంపులో ఆ తగ్గుదల తక్కువ. లాస్ ఏంజెలెస్‌లోనైతే ఆరు వారాల పిల్లలనే స్కాన్ చేశారు. భాషకు పనికొచ్చే నాడీమార్గాల ఎడమ కుడి తూకంలో అప్పటికే గుంపుల మధ్య తేడా ఉంది.

శాన్ డియేగోలో ఎరిక్ కోర్చెస్నే, కరెన్ పియర్స్ బృందం ఇంకో దారి పట్టింది. రాత్రి మామూలుగా నిద్రపోయే వేళకు పిల్లలను తీసుకొచ్చి, మత్తుమందు ఇవ్వకుండా నిద్రపుచ్చి, ఎంఆర్ఐ మెషిన్‌లో పడుకోబెట్టి కథలు వినిపించారు. నిద్రలో కూడా మెదడు మాట వింటుంది. ఏడాది నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లల్లో, ఆటిజం ఉన్నవాళ్ళకు ఎడమ టెంపోరల్ భాగంలో (చెవి దగ్గర ఉండే, మాట వినే భాగం) స్పందన బలహీనంగా ఉందని, వయసుతోపాటు కుడివైపుకు ఒరుగుతోందని 2012లో చెప్పారు. 2015లో మైఖేల్ లొంబార్డో అదే బృందంతో కలిసి ఆటిజం ఉన్న పిల్లలను రెండుగా విడదీసి చూశారు. ఒక గుంపు తర్వాత మాటలు బాగా వచ్చినవాళ్ళు, రెండోది సరిగా రానివాళ్ళు. మాటలు బాగా వచ్చినవాళ్ళ మెదడు చిన్నప్పుడే మాటకు దాదాపు మిగతా పిల్లల్లాగే స్పందించింది. రానివాళ్ళలోనే స్పందన మందంగా ఉంది. సియాటిల్‌లో పెట్రీషియా కూల్ 2013లో ఈఈజీతో చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. రెండేళ్ళ వయసులో తెలిసిన మాటలు విన్నప్పుడు మెదడు ఇచ్చిన స్పందనను బట్టి ఆరేళ్ళకు భాష ఎలా ఉంటుందో కొంతవరకు అంచనా కట్టగలిగారు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అర్థమైంది ఇది: మాటకు మెదడు స్పందించే తీరు ‘ఆటిజం ఉందా లేదా’ అన్న ప్రశ్న కన్నా ‘భాష ఎలా వస్తుంది’ అన్న ప్రశ్నకు ఎక్కువ దగ్గర. బోస్టన్, లండన్ గుంపుల్లో తేడా కనిపించిన పిల్లల్లో ఎక్కువమందికి అసలు ఆటిజమే ఉండదు, ఐదుగురిలో ఒకరికే కదా. శాన్ డియేగోలో ఆటిజం ఉన్నా తేడా లేని పిల్లలున్నారు. కాబట్టి తేడా ఉంటే ఆటిజం అనీ, లేకపోతే కాదనీ చెప్పే పరీక్ష ఇందులోంచి రాదు. రావాల్సింది, భాషకు ఎవరికి ఎంత తొందరగా సాయం కావాలన్న తెలివి. ఆ సాయం మొదలుపెట్టడానికి మీకు టోపీ అక్కర్లేదు.

మీరు పంపిన లింకులో ఆరు నెలల పిల్లలకు ఎంఆర్ఐ తీసి ముందే చెప్పేశారని ఉంది కదా, అది 2017 నాటిది. 59 మంది పిల్లలను చూశారు. తర్వాత ఆటిజం తేలిన 11 మందిలో 9 మందిని ముందే పట్టుకున్నారు, మిగతా 48 మందిలో ఒక్కరిని కూడా తప్పుగా అనుమానించలేదు. గొప్ప ఫలితమే. కానీ 11 మంది మీద తేలిన విషయం, ప్రత్యేకమైన స్కాన్, దాని వెనక ప్రత్యేకమైన కంప్యూటర్ విశ్లేషణ. పైగా అది చూసింది మెదడు భాగాల మధ్య అనుసంధానాన్ని. మీ సెంటర్ అమ్ముతున్న ఈఈజీ మ్యాపుకూ దీనికీ చుట్టరికం లేదు.

సరే, వాళ్ళ పరీక్ష నిజంగానే మంచిదనుకుందాం. ఆటిజం ఉన్న నూరుమందిలో ఎనభై మందిని పట్టుకుంటుంది, లేని నూరుమందిలో ఎనభై మందిని సరిగ్గా లేదంటుంది అనుకోండి. అలాంటి ఈఈజీ టెస్టు మార్కెట్‌లో లేదు, లెక్క కోసమే అంటున్నాను. మీ పాపలాంటి నూరుమంది ఆడపిల్లలకు చేస్తే ఏమవుతుంది? ఆటిజం రాబోయే పదముగ్గురిలో పదిమంది దొరుకుతారు. మిగతా ఎనభై ఏడు మందిలో పదిహేడు మందికి కూడా ఎర్ర రిపోర్టు, అంటే ఆటిజం ఉందనే రిపోర్టు, వస్తుంది. అంటే ఎర్ర రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చిన ఇరవై ఏడు మంది తల్లుల్లో పదిహేడు మంది ఊరికే ఏడుస్తున్నట్టు. ఇంట్లో ఎవరికీ ఆటిజం లేని వెయ్యి మంది పిల్లలకు ఇదే టెస్టు చేస్తే, నిజంగా ఉన్నవాళ్ళు ఎనిమిది మంది దొరికితే, అనవసరంగా భయపెట్టేది దాదాపు రెండు వందల మందిని. పాజిటివ్ వచ్చిందని భయపడి సంవత్సరమంతా పాపను అనుమానంగా చూడడం ఒక నష్టం. నెగెటివ్ వచ్చిందని ధైర్యంగా కూర్చుని, ఏడాదిన్నరకు మాట రాకపోయినా ‘టెస్టులో బాగానే ఉంది కదా’ అనుకోవడం ఇంకా పెద్ద నష్టం. క్లినిక్‌లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండో రకమే.

పేర్లు ఒకేలా వినిపించి జనం కలిపేసుకునే పరీక్షలు మూడున్నాయి. బెరా టెస్ట్ వినికిడిది. నిద్రలో ఉన్న పాప చెవిలో టక్ టక్ శబ్దాలు పంపి, చెవి నుంచి మెదడు కాండం దాకా సంకేతం చేరుతోందా అని చూస్తారు. డాక్టర్ రాసే ఈఈజీ ఫిట్స్ కోసం. ఇక సెంటర్‌వాళ్ళ రంగురంగుల బ్రెయిన్ మ్యాపింగ్ అంటే ఈఈజీనే కంప్యూటర్‌లో వేసి ఎరుపు, నీలం మచ్చలుగా మార్చడం. ఐదు నెలల పాపలో ఆటిజం చెప్పడానికి దాన్ని ఏ గుర్తింపు పొందిన వైద్య మార్గదర్శకమూ సిఫారసు చేయదు. రిపోర్టు మాత్రం రంగుల్లో, లామినేషన్‌తో వస్తుంది. దాని వెనకే ఇంకో ప్యాకేజీ వస్తుంది, వెంట్రుకల్లో లోహాల టెస్టు, ఆక్సిజన్ చాంబర్, చివరికి స్టెమ్ సెల్స్ (మూలకణాలు). స్టెమ్ సెల్స్ గురించి ఒక్కమాట, బాబు కోసం ఎవరైనా చెప్తారేమో: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను చికిత్సగా అమ్మకూడదు. ఆటిజం ఆ జాబితాలో లేదు.

బెరా మాట వచ్చింది కాబట్టి, దానిలో కూడా ఆటిజం వెతికినవాళ్ళున్నారు. అమెరికాలో ఫ్లోరిడాలో లక్షకు పైగా నవజాత శిశువుల వినికిడి పరీక్షల రికార్డులు తీసి 2021లో చూస్తే, తర్వాత ఆటిజం తేలిన 321 మంది గుంపులో సంకేతం కాస్త ఆలస్యంగా చేరింది. ఇది కూడా గుంపు సగటే. ఎవరైనా బెరా రిపోర్టు చూసి ఆటిజం అంటే నమ్మకండి. బెరా చేయించమనేది వినికిడి కోసమే. పుట్టినప్పుడు హాస్పిటల్‌లో చెవి పరీక్ష చేసి పాస్ అని రాసిచ్చారేమో కాగితాలు వెతకండి. లేకపోతే ఈ నెలలోనే చేయించండి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతోందంటే సరిపోదు. పెద్ద చప్పుడు వినిపిస్తూ, మాటలోని ‘స’, ‘శ’ లాంటి సన్నటి శబ్దాలు వినిపించని పిల్లలుంటారు. సికింద్రాబాద్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ప్రభుత్వానిది, తక్కువ ఖర్చులో అవుతుంది. వినికిడి లోపం ఉంటే మూడో నెలకల్లా తేలాలి, ఆరో నెలకల్లా సాయం మొదలవ్వాలి అన్నది ప్రపంచమంతా పాటించే లెక్క.

ఈఈజీ అత్యవసరమయ్యే సందర్భం కూడా ఒకటుంది. ఇది మాత్రం అశ్రద్ధ చేయకండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య కొంతమంది పిల్లలు నిద్రలేవగానే ఒక్కసారి ముందుకు ఒంగినట్టు, తల ఊపినట్టు, చేతులు విదిల్చినట్టు చేస్తారు. కొన్ని క్షణాలాగి మళ్ళీ, మళ్ళీ, వరసగా. చూసినవాళ్ళు కడుపునొప్పి అనుకుంటారు, ఉలికిపాటు అనుకుంటారు. అది ఇన్ఫంటైల్ స్పాజమ్స్ అనే ఫిట్స్ కావచ్చు. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అలా కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి.

ఇక పాపలో మీరు ఏం చూడాలి? రోజూ పరీక్ష పెట్టొద్దు. నెలకోసారి ఒక ఐదు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి, మీరు పాపతో ఆడుకుంటున్నది. ఇప్పుడు ఉంగా ఉంగా అంటూ మీ మాటకు వంతు పాడుతుందా, గొంతు వచ్చిన వైపు తిరుగుతుందా చూస్తే చాలు. తొమ్మిదో నెల దాటాక పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా, దోబూచులాటకు నవ్వి ఇంకోసారి కావాలన్నట్టు చూస్తుందా, ‘తాతాతా’, ‘బాబాబా’ అని గొలుసు శబ్దాలు చేస్తుందా. ఏడాదికి టాటా చెప్పడం, చేయి చాపి అడగడం, వేలు పెట్టి చూపించడం. అన్నిటికంటే వేలు చూపించడం మీద నాకు నమ్మకం ఎక్కువ. కాకిని చూపించి ‘అదిగో’ అన్నట్టు మీ మొహంలోకి చూసే పిల్లకు మాట వెనకే వస్తుంది. ఏ వయసులోనైనా వచ్చిన మాటో, చూపో, సైగో పోయిందంటే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పదహారు నెలలు నిండాక ఎం-చాట్ అనే ఇరవై ప్రశ్నల ఫారం నింపి పిల్లల డాక్టర్‌కు ఇవ్వండి. పద్దెనిమిదో నెలలో అంతా బాగుందన్నా రెండేళ్ళకు, మూడేళ్ళకు మళ్ళీ చూపించాలి. ఈ చెల్లెళ్ళూ తమ్ముళ్ళ పరిశోధనల్లోనే, మూడేళ్ళకు ఆటిజం తేలిన పిల్లల్లో సగానికి పైగా పద్దెనిమిదో నెలలో దొరకలేదు.

అనుమానం వస్తే పేరు పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ వైట్‌హౌస్ బృందం 2021లో ప్రకటించిన పని చూడండి. తొమ్మిది నుంచి పద్నాలుగు నెలల మధ్య, అప్పటికే తొలి లక్షణాలు కనిపిస్తున్న 103 మంది పిల్లలను తీసుకున్నారు. సగం ఇళ్ళకు థెరపిస్టు వెళ్ళి తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకుంటుండగా వీడియో తీసి, తర్వాత వాళ్ళతో కూర్చుని చూసి, ‘ఇదిగో ఇక్కడ పాప మీకు ఏదో చెప్పబోయింది, మీరు పట్టుకున్నారు’ అని చూపించారు. పది విడతలు, అంతే. మూడేళ్ళకు ఆటిజం నిర్ధారణ అయినవాళ్ళు ఆ గుంపులో సుమారు 7 శాతం, మామూలు సేవలు పొందిన గుంపులో 20. ఇది మందు కాదు, అందరికీ ఇలాగే అవుతుందనీ కాదు. కానీ పెద్దవాళ్ళు బిడ్డ సైగను పట్టుకుని బదులివ్వడంలో ఎంత బలముందో తెలుస్తుంది.

మీరు అది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. పాపకు లాల పోసేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు మొహం దగ్గరికి వచ్చి సాగదీసి, రాగం తీసి మాట్లాడండి. ఒక మాట అని ఆగండి. పాప ఊ అన్నా, కాళ్ళు ఆడించినా అది జవాబే, దానికి మళ్ళీ బదులివ్వండి. మన అమ్మమ్మలు లాల, బువ్వ, జోజో అంటూ చేసేది ఇదే, దీనికి కోర్సు అక్కర్లేదు. టీవీ, ఫోన్ ఈ పని చేయలేవు. పెట్రీషియా కూల్ 2003లో అమెరికా పిల్లలకు తొమ్మిదో నెలలో చైనీస్ వినిపించారు. ఎదురుగా కూర్చున్న మనిషి నుంచి విన్నవాళ్ళు ఆ శబ్దాలు నేర్చుకున్నారు, అవే మాటలు టీవీలో చూసినవాళ్ళు ఏమీ నేర్చుకోలేదు. ఫోన్ చూస్తే ఆటిజం వస్తుందని మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది నిజం కాదు, బాబు విషయంలో ఆ నింద మీరు మోయొద్దు. కానీ పాపకు ఇప్పుడు ఫోన్ వద్దు.

భాష సంగతి. బాబుతో ఇంగ్లీషే మాట్లాడమని చెప్పినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ రెండు భాషల ఇళ్ళలో పెరిగిన ఆటిజం పిల్లలకు అందువల్ల మాట వెనకబడలేదని చాలా పరిశోధనలు చూపించాయి. మీకు రాగం తీసి ముద్దుచేయడం వచ్చిన భాషలో మాట్లాడండి. అరువు ఇంగ్లీషులో ‘కమ్, సిట్, ఈట్’ అని ఆజ్ఞలివ్వడం తప్ప కబుర్లు చెప్పలేరు. నానమ్మా తాతయ్యా ఏ భాషలో పలకరిస్తారో అది బాబుకూ కావాలి, పాపకూ కావాలి.

మీ అత్తగారు మాట తొందరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకిద్దామంటున్నారన్నారు. ప్రేమతో అంటున్నదే, గొడవ పెట్టుకోకండి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని డాక్టర్ చెప్పారని చెప్పండి, తర్వాత కూడా వస వద్దు. తేనె ఏడాది దాకా వద్దు.

టీకా గురించి: తొమ్మిదో నెలలో వేసేది తట్టు టీకా. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడిటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం అన్న 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మీ భయం ఇంకా సూటైనది, ‘అన్నకు ఉంది కాబట్టి చెల్లికి టీకా ప్రమాదమేమో’ అని. సరిగ్గా దాన్నే 2015లో అమెరికాలో 95,727 మంది పిల్లల రికార్డులతో చూశారు. వాళ్ళలో 1,929 మందికి ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్నారు. వాళ్ళలో కూడా టీకా వేసుకున్నందుకు ఆటిజం పెరగలేదు. తట్టు వస్తే మాత్రం చిన్నపిల్లలకు ప్రాణం మీదికే వస్తుంది. తొమ్మిది నెలలు నిండగానే వేయించండి.

సాయం ఎక్కడ అంటే, జిల్లా ఆసుపత్రిలో ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద నడిచే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే చూసే కేంద్రం) ఉందేమో కనుక్కోండి. పుట్టిన బిడ్డ నుంచి చూస్తారు, ఉచితం. హైదరాబాద్ రాగలిగితే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యాల జాతీయ సంస్థ) ఎర్లీ ఇంటర్వెన్షన్ విభాగం, అంటే చిన్నప్పుడే సాయం మొదలుపెట్టే విభాగం, ఉంది, బాబును కూడా అక్కడే చూపించొచ్చు. వెళ్ళేటప్పుడు పాప నెలవారీ వీడియోలు, పుట్టినప్పటి కాగితాలు, వినికిడి రిపోర్టు, బాబు నిర్ధారణ కాగితం పట్టుకెళ్ళండి. బాబుకు వైకల్య ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే తీసుకోండి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ఆ ధ్రువపత్రం ఉంటే నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు అప్లై చేసుకోవచ్చు, వైద్య ఖర్చులకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, అందులో కొంత థెరపీకి కూడా.

పాపకు తొమ్మిదో నెల నిండాక పేరుకు తిరగడం, గొలుసు శబ్దాలు ఎలా ఉన్నాయో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను. వీడియో మాత్రం పబ్లిక్‌గా పెట్టకండి.